మా పాప పొట్ట ఉబ్బిన రాత్రి

మా పాప 30వ వారంలోనే పుట్టేసింది. ఆపరేషన్, గాజు పెట్టె, డబ్బు కోసం మా ఆయన పరుగులు... ఎన్ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) చూసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు.

బరువు పెరుగుతోందని కుదుటపడ్డాం. ఆ రాత్రి నర్సమ్మ పాలు పట్టేముందు పొట్టలోకి వేసిన గొట్టంలోంచి సిరంజితో లాగితే ఆకుపచ్చటి నీళ్ళొచ్చాయి. పొట్ట ఉబ్బి నిగనిగలాడుతోంది. డైపర్‌లో నెత్తురు జీర. ఆవిడ వెంటనే పాలు ఆపేసి పెద్ద డాక్టరమ్మకి ఫోన్ చేసింది. నన్ను బయటికి పొమ్మనకుండా కుర్చీ వేసింది. ఆ తల్లి ఋణం ఈ జన్మకి తీరదు. ఎక్స్‌రేలో పేగు గోడల్లో గాలి కనిపించింది. చిల్లు పడితే సర్జరీయే అన్నారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మాత్రం, "చిన్నవయసే కదమ్మా, మళ్ళీ కనొచ్చులే" అన్నాడు. పాప ఇంకా ఊపిరి పీలుస్తోంది! ఆ నోటికి ఏ చదువు నేర్పారో.

తెల్లవార్లూ మా విశాఖ బురుజుపేట కనకమహాలక్ష్మికి మొక్కుతూనే ఉన్నాను. పొద్దున్నే మా అత్తగారు, "నీ పాలే పడలేదేమోనే" అన్నారు. డాక్టరమ్మ ఆ మాట విని ఆవిణ్ణే కూర్చోబెట్టి చెప్పారు.

పేగు గోడ వాచి దెబ్బతినే ఈ జబ్బుని ఎన్ఈసీ అంటారట, ఎక్కువగా నెలలు నిండని పిల్లలకే వస్తుంది. రోగాలతో పోరాడే తల్లి యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకి చేరేది ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే. మా పాప ముందే వచ్చేసింది. పేగుని కాపాడే ఐజీఏ అనే యాంటీబాడీని మొదటి వారాల్లో బిడ్డ సొంతంగా పెద్దగా తయారుచేసుకోలేదు, తల్లిపాలతోనే, ముఖ్యంగా ముర్రుపాలతో అందాలి. నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. రోగనిరోధక శక్తి లేకపోవడమే కాదు, ఉన్నది అతి చేయడం కూడా ప్రమాదమే. నెలలు నిండని పేగులో బ్యాక్టీరియాని పసిగట్టే టీఎల్ఆర్4 అనే గ్రాహకం ఎక్కువగా ఉంటుంది. బ్యాక్టీరియా తగిలితే అది రెచ్చిపోయి వాపు తెస్తుంది, పేగు పొరే దెబ్బతింటుంది. ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. తల్లిపాలు ఆ ముప్పుని తగ్గిస్తాయి. అంటే నా పాలు శత్రువు కాదు, అండ. అత్తగారు మాట్లాడలేదు.

చిల్లు పడలేదు, అమ్మ దయ. పొట్ట ఖాళీగా ఉంచి, సెలైన్‌లోనే పోషకాలు ఇచ్చి, యాంటీబయాటిక్స్ వాడారు. పాప తాగకపోయినా నేను పిండుతూనే ఉన్నాను, లేకపోతే పాలు ఎండిపోతాయి. మళ్ళీ పట్టడం మొదలెట్టాక మా ఆయన గాజువాక నుంచి ఐస్ డబ్బాలో తెచ్చేవారు, ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ.

నెలలు నిండని పాపాయి ఉంటే ముర్రుపాలు పారబోయకండి, తేనె నాకించకండి. ఆకుపచ్చ వాంతి అయితే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకండి.

మార్గశిర గురువారాల రద్దీ తగ్గాక పాపని అమ్మవారి పాదాల దగ్గర పడుకోబెట్టాం. ఇప్పుడు మా అత్తగారే వీధిలో బాలింతలందరికీ ముర్రుపాల గురించి లెక్చరిస్తున్నారు. నన్నన్న మాట మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు.

మొన్న చెకప్‌లో ఆ కుర్ర డాక్టరు పాప బుగ్గ గిల్లబోయాడు. చేతులు కడుక్కున్నారా అని అడిగాను. కావాలనే, అందరికీ వినపడేలా.