22 మెట్లు, ఆదివారం పొద్దున్న 5:55

ఈరోజు సెలవే గానీ పొద్దున్నించీ ల్యాప్‌టాప్ ముందే కూర్చున్నా. సముద్రం దగ్గర ఒక మూడ్రోజులు ఉండొద్దామని నెల నుంచీ అనుకుంటూనే ఉన్నాం, ఇంకా ఆలస్యం చేస్తే ఎండలు ముదిరిపోతాయి, పిల్లాడి పరీక్షలు అయిపోయాయి, మా ఆయనకి వచ్చే శుక్రవారం లీవు దొరికింది, కాబట్టి ఈరోజు ఎలాగైనా బుక్ చేసేయాలని గట్టిగా అనుకుని మొదలుపెట్టా. అరగంట ఫొటోలు చూసేసరికి అన్నీ ఒకేలా కనిపించాయి, అదే నీలం స్విమ్మింగ్ పూల్, అదే తెల్ల గొడుగు, అదే ఊయల. అమ్మకి ఏది కుదురుతుందన్నది మాత్రం ఒక్క ఫొటోలోనూ తెలియట్లేదు.

అమ్మకి మోకాళ్లు అరిగాయని డాక్టర్ చెప్పి రెండేళ్లయింది. ఇంట్లో బానే తిరుగుతుంది, చదునుగా ఉంటే ఇబ్బంది లేదు, మెట్లూ ఎగుడుదిగుళ్లూ వస్తేనే కష్టం. పోయినసారి బీచ్‌కి వెళ్లినప్పుడు మేం చేరుకునేసరికే నీళ్లు బాగా పైకొచ్చేసి ఉన్నాయి, మిగిలిందంతా పొడి ఇసుక. నాలుగడుగులు వేసేసరికి చీలమండల దాకా దిగబడిపోయి "మీరు వెళ్లి రండే, నేనిక్కడ కూర్చుంటా" అని పిట్టగోడ మీద కూర్చుండిపోయింది. మేం ముగ్గురం నీళ్లల్లో ఉన్నాం, అమ్మేమో అంత దూరాన చెప్పులు ఒళ్లో పెట్టుకుని మా వైపే చూస్తోంది. ఆ ఒళ్లో చెప్పులు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. ఈసారి అమ్మ పాదాలు తడవాలి, అంతే, మిగతావి ఎలా ఉన్నా సర్దుకుంటాను.

అందుకని రిసార్టుల పేజీలన్నీ మూసేసి ముందు టైడ్ టేబుల్ తెరిచా. ఇన్నాళ్లూ ఆటుపోట్లు అనే మాట జీవితం గురించి వాడటమే గానీ నిజంగా సముద్రంలో ఏ గంటకి ఏం జరుగుతుందో ఎప్పుడూ చూసుకోలేదు నేను. చాలా తీరాల్లో రోజుకి రెండుసార్లు నీళ్లు పైకొస్తాయి, రెండుసార్లు వెనక్కిపోతాయి, ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే ఈరోజు ఉన్న టైమ్ రేపటికి ఒక 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, ఎందుకంటే భూమి ఒక చుట్టు తిరిగొచ్చేలోపు చంద్రుడు కూడా కొంచెం ముందుకి వెళ్లిపోయి ఉంటాడు కదా, అతన్ని అందుకోవడానికి ఆ 50 నిమిషాలు పడుతుంది. నాకు కావాల్సింది లో టైడ్. నీళ్లు వెనక్కి పోయినప్పుడు బయటపడే తడి ఇసుక గట్టిగా ఉంటుంది, రేణువుల మధ్య ఉండే సన్నటి నీటిపొర వాటిని పట్టి ఉంచుతుంది, సిమెంటు నేల మీద నడిచినంత కాకపోయినా కాలు మాత్రం దిగబడదు. పొడి ఇసుకకి ఆ పట్టు లేదు.

మేం అనుకున్న శనివారానికి చూస్తే లో టైడ్ 11:40కి ఉంది. నడినెత్తిన ఎండ. పైగా అది సగం చంద్రుడి రోజు, సూర్యుడూ చంద్రుడూ చెరోవైపు లాగుతుంటారు కాబట్టి నీళ్లు వెనక్కి పోయినా పెద్దగా పోవు. ఆ తర్వాతి వారం చూశా. శనివారం పౌర్ణమి. ఆదివారం పొద్దున్న లో టైడ్ 5:55, సోమవారం 6:40! పౌర్ణమికీ అమావాస్యకీ ఇద్దరి లాగుడూ ఒకే వరసలో పడుతుంది, దాని ప్రభావం ఒకటి రెండు రోజుల తర్వాత బాగా తెలుస్తుందట, అందులోనూ మార్చి 20 చుట్టుపక్కల పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల్లో ఇంకా ఎక్కువ. అంటే సరిగ్గా మేం ఉండే రెండు ఉదయాలూ బీచ్ ఎంత వెడల్పు కావాలో అంత వెడల్పు. పొద్దున్నపూట గాలి కూడా నెమ్మదిగా ఉంటుంది, సముద్రపు గాలి జోరంతా మధ్యాహ్నం నుంచే, నేల తొందరగా వేడెక్కి నీళ్లు ఇంకా చల్లగానే ఉండబట్టి. ఆ గాలికి ఇసుక లేచి కళ్లల్లో పడుతుంటే అమ్మ అస్సలు నిలబడలేదు.

నేను టేబుల్ చూస్తుంటే అమ్మ బట్టలు మడతపెట్టుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. తడి ఇసుక సంగతి చెప్తే వెంటనే "అడుగేస్తే చుట్టూ తెల్లగా అవుతుంది చూడు, అదేనా?" అంది. చిన్నప్పుడు తను అది చూసి ఇసుక భయపడి నీళ్లు దాచేసుకుంటోంది అనుకునేదట, నెమ్మదిగా ఒంటికాలి మీద నిలబడి చూసేదట, కాలు తీయగానే మళ్లీ తడి వచ్చేస్తుందట. అరవై ఏళ్ల కిందటి సంగతి, నిన్న చూసినట్టు చేత్తో చూపించింది, పాదం చుట్టూ ఇంత, అని వేలితో గుండ్రంగా గీసింది సోఫా మీద. అదేంటో చూద్దామని వెతికితే దొరికింది, 1885లోనే ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే ఇంజనీరు దీని గురించి రాశాడు, ఒత్తుకుని కూర్చున్న రేణువుల మీద కాలు పడితే అవి ఒకదాన్నొకటి నెట్టుకుని జరుగుతాయి, మధ్యలో ఖాళీ పెరుగుతుంది, పైనున్న నీళ్లు ఆ ఖాళీల్లోకి దిగిపోతాయి, అందుకే ఒక్క క్షణం ఆరిపోయినట్టు కనిపిస్తుంది. అమ్మకి చెప్తే "అయితే దాచుకోవడమే కదే మరి" అంది. నిజమే కదా, నాకు చాలా నచ్చింది ఆ మాట.

ఆ తర్వాత రూమ్ సంగతి. ఇదివరకు ఒకచోట సీ వ్యూ అని డబ్బులు ఎక్కువ కట్టి తీసుకుంటే బాల్కనీ చివర నిలబడి మెడ బయటికి పెడితే తప్ప సముద్రం కనపడలేదు, ఆ కోపం ఇంకా ఉంది నాకు. ఈసారి ఫోన్ చేసి మంచం మీద కూర్చుంటే నీళ్లు కనపడతాయా అని సూటిగా అడిగా. ఇంకో ప్రశ్న, గది నుంచి ఇసుక దాకా ఎన్ని మెట్లు? మొదటి చోట "దగ్గరేనండి" అన్నారు. రెండోచోట "అందరూ దిగుతారు మేడం" అన్నారు. మూడోచోట ఎత్తినాయన మాత్రం "ఒక్క పది నిమిషాలు ఆగండి, చూసి చెప్తాను" అని పెట్టేసి నిజంగానే మళ్లీ చేశాడు. "22 మెట్లండి, ఎడమవైపు పట్టుకోడానికి రెయిలింగ్ ఉంది, మధ్యలో ఒకచోట కూర్చోవచ్చు, పెద్దవాళ్లయితే కింద గది ఇస్తాను" అన్నాడు. ఎండలో వెళ్లి లెక్కపెట్టుకొచ్చాడు మనిషి. ఇంకేం చూడలేదు నేను, అదే ఖాయం అనుకున్నా.

కానీ లీవు ముందు వారానికి కదా. మా ఆయన బయటి నుంచి వచ్చాక చెప్తే మొదట ముఖం ముడుచుకున్నారు, మళ్లీ లీవు మార్పించుకోవాలంటే ఆఫీసులో అడగాలి, పోయిన నెలే ఒకసారి మార్పించారు. నేను వాదించలేదు, టైడ్ టేబుల్ చూపించి 11:40, 5:55 అని రెండు వేళ్లు పెట్టా అంతే. కాసేపు చూసి "అత్తయ్యగారు పోయినసారి గోడ మీదే ఉండిపోయారు కదా" అన్నారు. ఈయన కూడా గుర్తు పెట్టుకున్నారని నాకు తెలియదు. లేచి బయటికెళ్లి ఫోన్ చేసుకుని వచ్చారు. అయిపోయింది, మారింది.

పిల్లాడికి మాత్రం ఇప్పటినుంచే చెప్పడం మొదలుపెట్టా. ఎరుపు పసుపు జెండాలు రెండింటి మధ్యే స్నానం, అక్కడే లైఫ్‌గార్డులు చూస్తుంటారు, ఒట్టి ఎర్రజెండా ఉంటే నీళ్లల్లోకి దిగేదే లేదు. నీళ్లు లోపలికి లాగేస్తున్నట్టు అనిపిస్తే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఒడ్డు వెంబడే పక్కకి ఈది ఆ లాగుడులోంచి బయటపడి అప్పుడు ఒడ్డుకి రావాలి, ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తాలి. వాడిచేత మూడుసార్లు తిరిగి చెప్పించుకున్నా. అసలు వాణ్ని మోకాళ్ల లోతు దాటనివ్వను అనుకోండి. గొడుగు కింద కూర్చున్నా సన్‌స్క్రీన్ రాసుకోవాల్సిందే, పొడి ఇసుక మీద పడ్డ అల్ట్రావయొలెట్‌లో 15 శాతం దాకా తిరిగి పైకొస్తుంది, రెండేసి గంటలకి మళ్లీ రాయాలి. అది బ్యాగులో ముందే పడేశా.

డబ్బు కట్టేసి మెసేజ్ వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. శనివారం సాయంత్రానికల్లా చేరిపోతాం, బీచ్ తూర్పు వైపు కాబట్టి పొద్దు గూకే వేళకి పౌర్ణమి చంద్రుడు నీళ్లల్లోంచే పైకొస్తాడు, మబ్బు లేకపోతే చాలు.

ఇప్పుడే ఇది రాస్తుంటే మేడ మెట్ల మీద చప్పుడైంది. లైటు కూడా వేసుకోలేదేంటా అని వెళ్లి చూస్తే అమ్మ, ఒక చెయ్యి గోడకి ఆనించి నెమ్మదిగా దిగుతోంది, పెదాలు కదులుతున్నాయి. ఏంటమ్మా ఈ టైమ్‌లో అన్నా. "మనవి పదకొండే ఉన్నాయే, రెండుసార్లు దిగితే సరిపోతుంది కదా" అంది. లైటు వేసి, రెండోసారి నేనూ పక్కనే దిగా.