ఈలా ఆట చూశాక

2025 మయామీ ఓపెన్ టెన్నిస్ హైలైట్స్ మళ్లీ చూశాను. అలెగ్జాండ్రా ఈలా అంటే నాకెంత ఇష్టమో! ఫిలిప్పీన్స్ అమ్మాయి, అప్పటికి 19 ఏళ్లు, ర్యాంకు 140, వైల్డ్ కార్డ్ (నిర్వాహకులు నేరుగా ఇచ్చే అవకాశం) ఎంట్రీ. ముందు మాజీ ఫ్రెంచ్ ఓపెన్ ఛాంపియన్ ఒస్టాపెంకోని, తర్వాత ఆ ఏటి ఆస్ట్రేలియన్ ఓపెన్ ఛాంపియన్ మాడిసన్ కీస్‌ని ఓడించింది. క్వార్టర్స్‌లో పోలండ్ స్టార్ స్వియాటెక్‌ని 6-2, 7-5తో!

రెండో సెట్‌లో 4-2తో వెనకబడినప్పుడు నాకే టెన్షన్. తను మాత్రం అస్సలు తగ్గలేదు. ఎడమచేత్తో రిటర్న్‌లు బలంగా కొడుతూనే ఉంది. గెలిచాక నమ్మలేనట్టు తన టీమ్ వైపు చూస్తూ నిలబడిపోయింది. పదమూడేళ్లకే ఇల్లు వదిలి స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో ఉన్న నడాల్ టెన్నిస్ అకాడమీకి వెళ్లిన పిల్ల మరి! అక్కడ గ్రాడ్యుయేషన్ రోజు అతిథిగా వచ్చింది కూడా స్వియాటెకే.

సెమీస్‌లో అమెరికా ప్లేయర్ పెగులా చేతిలో ఓడినా మూడు సెట్లు పోరాడింది. ఆ మ్యాచ్ కూడా తప్పకుండా చూడండి.