ఇల్లు చూస్తూ ఉండమన్నాం, అంతే

ఎండాకాలం సెలవులకి ఇండియా బయల్దేరే ముందు పక్కింటాయనకి తాళంచెవి ఇచ్చి, "మా ఇల్లు కాస్త చూస్తూ ఉండండి" అని చెప్పడం మాకు అలవాటు. హ్యూస్టన్ శివార్లలో ఉండే తెలుగువాళ్లలో ఈ మాట అననివాళ్లు తక్కువ. ఆయన ఉత్తరాలు తీసిపెడతాడు, కరివేపాకు మొక్కకి నీళ్లు పోస్తాడు, గుమ్మంలో పార్సిల్ పడుంటే లోపల పెడతాడు. రిటైరైన మనిషి, మర్యాదస్తుడు, మా ఆవకాయ కూడా అలవాటైపోయింది. ఆయన గరాజ్‌లో ఒక ఇనప బీరువా ఉంది. అందులో తుపాకులు ఉంటాయి. టెక్సాస్‌లో ఇదేం వింత కాదు.

టెన్త్ గ్రేడ్ చదువుతున్న మావాడు డిబేట్ కోసం జో హార్న్ కేసు తీసుకునేదాకా, ఆ తాళంచెవినీ ఆ బీరువానీ నేను కలిపి ఆలోచించలేదు.

ఆ కేసు మాకు దగ్గర్లోనే, పాసడీనాలో జరిగింది. 2007 నవంబర్ 14, పట్టపగలు. పక్కింట్లోకి ఇద్దరు దొంగలు కిటికీ పగలగొట్టి దూరడం చూసి, 61 ఏళ్ల హార్న్ 911కి ఫోన్ చేశాడు. పోలీసులు వస్తున్నారు, బయటికి వెళ్లొద్దు, ఏ ఆస్తి కోసమూ మనిషిని కాల్చక్కర్లేదు అని అవతలి ఆపరేటర్ మళ్లీ మళ్లీ చెప్పాడు. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్ ఆత్మరక్షణ చట్టం మారిందని హార్న్ ఆయనకే గుర్తుచేశాడు. ఆఖరికి షాట్‌గన్ పట్టుకుని బయటికి వెళ్లాడు. ఇద్దరూ చచ్చిపోయారు. మఫ్టీలో వచ్చిన డిటెక్టివ్ ఒకాయన అప్పటికే వీధిలో కారులో ఉండి ఇదంతా చూశాడు. అంటే పోలీసు వచ్చేశాడు, ఆ సంగతి హార్న్‌కి తెలీదు. 2008 జూన్ 30న గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు నడపాలో వద్దో తేల్చే మామూలు పౌరుల బృందం, హార్న్ మీద కేసు అక్కర్లేదని తేల్చింది.

మావాడు హార్న్ తరఫున వాదించాలి. వాదన కోసమే అయితే బాధ లేదు. వాడు నిజంగానే నమ్ముతున్నాడు. "అమ్మా, వాళ్లు దొంగతనానికి రాకపోతే బతికే ఉండేవాళ్లు కదా. తప్పు ఎవరిది?" అన్నాడు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లాడు. స్నేహితుల ఇళ్లలో వేటకి వెళ్లే నాన్నలని చూశాడు. వాడి మాటని కొట్టిపారెయ్యలేను. పగలగొట్టిన తలుపూ బోర్లించిన అరలూ చూసి, నెలల తరబడి నిద్రపట్టని ఆడవాళ్లు నాకు తెలుసు. మన ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకి బాగా తెలుసు. దీపావళి వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూపుల్లో జాగ్రత్తలు మొదలవుతాయి.

అయినా వాడికి ఒక్కటే చెప్పాను. టెక్సాస్‌లో ఇంట్లో దూరి దొంగతనం చేస్తే శిక్ష 2 నుంచి 20 ఏళ్ల జైలు. జడ్జి ఉరి వెయ్యని నేరానికి పక్కింటాయన ఎందుకు చంపాలి? తన గదిలో తలుపేసుకుని క్షేమంగా ఉన్న మనిషి, వద్దన్నా వినకుండా బయటికి వెళ్లడం ఆత్మరక్షణ ఎలా అవుతుంది?

"చట్టం ఒప్పుకుంది కదా" అన్నాడు. ఒప్పుకుంటుంది. టెక్సాస్ శిక్షాస్మృతిలో 9.43 అని ఒక సెక్షన్ ఉంది. ఇతరుల ఆస్తిని కాపాడటానికి ఎప్పుడు బలం వాడొచ్చో అది చెబుతుంది. అందులో ఒక సందర్భం, తన ఆస్తిని కాపాడమని యజమాని అడిగాడని సహేతుకంగా నమ్మితే. మావాడు తల ఎత్తి, "మరి మనం అంకుల్‌ని అడుగుతున్నాం కదమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు ఝల్లుమంది.

ఇలాంటి చర్చ వస్తే మా ఆయన ఎప్పుడూ అనేదే ఆ రోజూ అన్నారు. "మన దేశంలో ఈ గొడవే లేదు." నరసరావుపేటలో ప్లీడరు చేస్తున్న మా బాబాయికి ఫోన్ చేస్తే ఆయన నవ్వాడు. ఆస్తి తనదైనా ఇతరులదైనా కాపాడుకునే హక్కు మన చట్టంలోనూ ఉందట. రాత్రిపూట కన్నం వేస్తున్న దొంగ విషయంలో అది చంపడం దాకా వెళ్తుందట. పాత ఐపీసీలో 103, 2024 జులై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 41. "కాకపోతే పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదమ్మా, అవసరానికి మించి దెబ్బ కొట్టకూడదు" అన్నాడు. ఇక చట్టం సంగతి వదిలేసినా, దొంగ దొరికితే కరెంటు స్తంభానికి కట్టేసి కొట్టడం చూడని పల్లె ఉందా? మన సంస్కృతి మెత్తనిదని పిల్లాడికి పాఠం చెప్పే వీలు నాకు లేకుండా పోయింది. ఒకందుకు అదే మంచిదయింది. ఇండియాకీ అమెరికాకీ మధ్య పోటీ పెట్టకుండా మాట్లాడుకోగలిగాం.

నా అసలు భయం ఇంకొకటి. 2023 ఏప్రిల్‌లో కన్సాస్ సిటీలో 16 ఏళ్ల నల్లజాతి అబ్బాయి తమ్ముళ్లని తీసుకురావడానికి వెళ్లి, పొరపాటున వేరే ఇంటి బెల్ కొట్టాడు. ఆ ఇంట్లో ఉన్న 84 ఏళ్ల ముసలాయన తలుపులోంచే కాల్చాడు. పిల్లాడు బతికాడు. దొంగ ఎవరో ముందే తేలిపోయిన కేసుల గురించే మావాడు వాదిస్తున్నాడు. తుపాకీ పట్టుకున్నవాడికి ఆ క్షణంలో అది తేలదు. స్కూల్ బ్యాండ్ కోసం చాక్లెట్లు అమ్ముతూ ఇల్లిల్లూ తిరిగే పిల్లాడు వీడు. బాల్ పక్కవాళ్ల పెరట్లో పడితే గోడ దూకొద్దు, ముందు వాకిట్లోంచి వెళ్లి అడుగు అని చిన్నప్పటినుంచీ ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు వాడికి అర్థమయి ఉంటుంది.

ప్రయాణానికి వారం ముందు సున్నుండల డబ్బా పట్టుకుని, వాణ్ణి వెంటబెట్టుకుని, పక్కింటికి వెళ్లాను. మా ఇంట్లోకి ఎవరైనా దూరితే పోలీసులకి ఫోన్ చెయ్యండి, కారు నంబర్ కనబడితే రాసుకోండి, మీరు మాత్రం బయటికి రావద్దు, మా సామాన్లకి ఇన్సూరెన్స్ ఉంది అన్నాను. ఎంతో మామూలుగా అందామనుకున్నా గొంతు వణికింది. ఆయన డబ్బా మూత తీసి ఒక ఉండ నోట్లో వేసుకుని, "మరి మీ నగలో?" అని అడిగాడు. బ్యాంకు లాకర్‌లో ఉన్నాయన్నాను. సరేనన్నాడు. తర్వాత, "కానీ లోపల మీరో ఈ కుర్రాడో ఉంటే నేను ఫోన్ పట్టుకుని కూర్చోను" అన్నాడు.

థాంక్స్ చెప్పి వచ్చేశాం. గేటు దాటగానే మావాడు, "దానికి మాత్రం వద్దనలేదేం?" అన్నాడు.

"అననురా" అన్నాను.