నెల్లూరు కరెంటు మీద అమెరికా ఆర్గన్: హామండ్ సి-3, లెస్లీ 122 బాగుచేసిన నా అనుభవం

మా నెల్లూరు చర్చిలో హామండ్ సి-3 ఆర్గన్, దాని జోడీగా లెస్లీ 122 తిరుగుడు స్పీకరు పెట్టె చాలాకాలం మూలపడి ఉన్నాయి. వాటిని మళ్లీ ఆరాధనలో వాయించే స్థితికి తెచ్చిన క్రమం రాస్తున్నాను. ఇలాంటిదాన్ని విప్పే ముందు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇది సగం యంత్రం. స్వరం పుట్టించే పళ్ల చక్రాలే 91 ఉన్నాయి. వాటిని తిప్పడానికి రెండు మోటార్లు, నూనె మోయడానికి నూలు దారాలు ఉన్నాయి. ఆంప్లిఫయర్లు చేసే మిస్త్రీలు రాగానే వాల్వుల (గాజు ట్యూబుల) మీద పడతారు. ముందు తిరిగే భాగాలు చూడాలి. వాల్వులు చివరికి చూసుకోవచ్చు.

అంతకంటే ముందు కరెంటు. వెనక పలక మీది నేమ్ ప్లేటు చదవండి. మాది 117 వోల్టులు, సెకనుకు 60 సైకిళ్లు (హెర్ట్జ్). మన లైను 230 వోల్టులు, 50 సైకిళ్లు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెడితే వోల్టేజీ తగ్గుతుంది కానీ సైకిళ్లు మారవు. స్టెబిలైజరు పెట్టినా అంతే. హామండ్‌లో శ్రుతిని నిర్ణయించేది సింక్రనస్ మోటారు, అంటే కరెంటు సైకిళ్లకు కట్టుబడి తిరిగే మోటారు, వేగం. 60 సైకిళ్ల మీద అది నిమిషానికి 1200 చుట్లు తిరుగుతుంది, 50 మీద 1000 మాత్రమే. అందుకే 440 పలకాల్సిన ‘ఎ’ మెట్టు దాదాపు 367 దగ్గర, అంటే ఎఫ్-షార్ప్‌కు కూడా కాస్త కింద పలుకుతుంది. కీబోర్డుతోగానీ హార్మోనియంతోగానీ కలిపి వాయించడం అసాధ్యం. పోనీ ట్రాన్స్‌పోజ్ చేసుకుందామన్నా మూడు అర్ధస్వరాల మీద ఇంకొంచెం తేడా మిగిలిపోతుంది. ‘ఆర్గన్ శ్రుతి పోయింది’ అని పక్కన పెట్టేసిన పెట్టెల్లో అసలు లోపం ఇదే కావచ్చు. ముందు ఇది కాదని తేల్చుకోండి.

దీనికి మందు 60 సైకిళ్ల శుద్ధ సైన్ వేవ్ ఇచ్చే ఫ్రీక్వెన్సీ కన్వర్టరు. ఇంట్లో వాడే చవక ఇన్వర్టరు పనికిరాదు. దాని చదరపు తరంగానికి ట్రాన్స్‌ఫార్మర్లు బుర్రుమంటాయి, మోటార్లు కాలిపోయేంత వేడెక్కుతాయి. మొత్తం ఆర్గన్‌కూ లెస్లీకీ కలిపి పెద్ద కన్వర్టరు కొనలేకపోతే చక్రాలను కదిలించే స్టార్ట్ మోటారు, ఆ తర్వాత నడిపే రన్ మోటారు (పైన చెప్పిన సింక్రనస్ మోటారు ఇదే) వైర్లు విడదీసి వాటికి మాత్రమే చిన్న కన్వర్టరు ఇవ్వొచ్చు. మిగతాదంతా స్టెప్ డౌన్ మీద నడుస్తుంది. మేం ఈ పద్ధతే పట్టుకున్నాం. ఒక్క షరతు: 60 సైకిళ్లకు చుట్టిన పవర్ ట్రాన్స్‌ఫార్మరు 50 మీద కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. కాబట్టి వోల్టేజీ 117 దాటనివ్వకూడదు. మే నెల నెల్లూరు ఎండల్లో వెనక పలకకు గాలి ఆడేలా ఆర్గన్‌ను గోడకు కాస్త ఎడంగా జరపాలి.

తర్వాత నూనె. ఏళ్ల తరబడి తిరగని జనరేటరును, అంటే పళ్ల చక్రాలుండే స్వరాల పెట్టెను, నేరుగా స్టార్ట్ చేయకూడదు. పైన రెండు గరాటాలు, మోటారు దగ్గరా వైబ్రాటో స్కానరు (స్వరాన్ని వణికించే భాగం) దగ్గరా నూనె తొట్టెలు కనిపిస్తాయి. అక్కడి నుంచి సన్నని నూలు దారాలు ఒక్కొక్క బేరింగుకూ నూనె మోస్తాయి. హామండ్ జనరేటరు ఆయిలే పోయాలి. కుట్టుమిషను నూనె వద్దు, తుప్పు వదిలించే స్ప్రేలు అసలే వద్దు. కొబ్బరినూనె మరీ ప్రమాదం, అది చల్లబడితే గడ్డకట్టి దారాలను మూసేస్తుంది. పోసిన నూనె దారం వెంట దిగడానికి రోజులు పడుతుంది. తొందరపడకుండా గరాటాలు ఖాళీ అయ్యాక మళ్లీ నింపి, అప్పుడు స్టార్ట్ చేయాలి.

స్టార్ట్ స్విచ్చి ఎనిమిది సెకన్లు పట్టుకుని, దాన్ని వదలకుండానే రన్ వేసి, ఇంకో నాలుగు సెకన్లయ్యాక స్టార్ట్ వదలాలి. రన్ వేయగానే వేగం కొద్దిగా లాగినట్టు తగ్గి నిలకడ పడితే సింక్రనస్ మోటారు పట్టుకున్నట్టు. స్టార్ట్ వదిలాక చప్పుడు మెల్లగా దిగిపోతే బేరింగులు ఇంకా బిగిసే ఉన్నాయి. అప్పుడు స్విచ్చి నొక్కిపట్టి బలవంతం చేయకుండా, ఆపేసి నూనెకు మరికొంత సమయం ఇవ్వాలి.

తిరగడం మొదలయ్యాక పలకని స్వరాలు వెతకాలి. ఇక్కడ ఒక కిటుకుంది. ఒకే చక్రం చాలా మెట్లకు, చాలా డ్రాబార్లకు (స్వరంలో ఏ పాలు ఎంత వినిపించాలో లాగి పెట్టే కడ్డీలు) పనిచేస్తుంది. డ్రాబారు మీది అడుగులు స్వరం ఎత్తుకు గుర్తు, అడుగులు సగమైతే స్వరం ఒక ఆక్టేవు పైన పలుకుతుంది. నడిమి ‘సి’ మీద 8 అడుగుల డ్రాబారు ఇచ్చే స్వరమే, ఒక ఆక్టేవు కింది ‘సి’ మీద 4 అడుగుల డ్రాబారు ఇస్తుంది. కాబట్టి ఒక్క డ్రాబారే లాగి, రెండు చోట్లా విని చూడాలి. రెండు చోట్లా మూగబోతే తప్పు జనరేటరులో ఉంది. ఒక చోటే అయితే ఆ మెట్టు కింది కాంటాక్టులో దుమ్ము. జనరేటరు వైపు అయితే, అదే స్వరం నాలుగు ఆక్టేవుల పైన కూడా పోయిందేమో వినండి. ఒక్కో షాఫ్టు మీద నాలుగు ఆక్టేవుల ఎడంతో రెండు చక్రాలుంటాయి. జంట రెండూ పోతే ఆ షాఫ్టు బిగుసుకుంది, నూనెతోనే వదలాలి. ఒక్కటే పోతే కాయిల్ లేదా దాని వైరు.

కాంటాక్టుల మీద స్ప్రే కొట్టాలని చేయి ఉబలాటపడుతుంది. కొట్టొద్దు, లోపలి ఫెల్టు దాన్ని పీల్చుకుని ఇంకా దుమ్ము పట్టేస్తుంది. ఆ డ్రాబారు పూర్తిగా లాగి మెట్టును పది ఇరవైసార్లు గట్టిగా, వేగంగా కొడితే చాలావరకు గరగర పోతుంది. పోకపోతే మాన్యువల్ (మెట్ల వరుస) పక్కనున్న బస్‌బార్ షిఫ్టరు స్క్రూను కొంచెం తిప్పాలి. లోపల కాంటాక్టులు తగిలే తొమ్మిది కడ్డీలు (బస్‌బార్లు) పక్కకు జరిగి, కాంటాక్టు కొత్త చోట తగులుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది తరచు పడే పని.

లెస్లీ దగ్గరికి వచ్చేసరికి ముందు జాగ్రత్త. ఆరు పిన్నుల ఆ కేబులులో సిగ్నలుతో పాటు మెయిన్స్ కరెంటూ వస్తుంది. 122 కేబులును లెస్లీలోనే మరో మోడలైన 147 పెట్టెకు గుచ్చొద్దు, వేగం మార్చే పద్ధతి రెండింటికీ వేరు. ఆంప్లిఫయరు విప్పేముందు ప్లగ్గు తీసి, ఫిల్టరు కెపాసిటర్లను 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టరుతో ఛార్జి దించి, మల్టీమీటరులో సున్నా చూశాకే చేయి పెట్టాలి. లోపల 400 వోల్టులకు పైనే ఉంటుంది.

మా పెట్టెలో వేగం బాగానే వచ్చింది, నెమ్మది రాలేదు. లెస్లీలో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. పైన హెచ్చు స్వరాల కోసం తిరిగే కొమ్ముకు రెండు మోటార్లు, కింద మంద్ర స్వరాల కోసం తిరిగే డ్రమ్ముకు రెండు మోటార్లు ఉంటాయి, ఒకటి వేగానికి, ఒకటి నెమ్మదికి. వేగ మోటారు షాఫ్టు చివర రబ్బరు రింగు తొడిగిన చక్రం ఉంటుంది. నెమ్మది మోటారుకు కరెంటు అందగానే దాని షాఫ్టు ముందుకు జరిగి ఆ రబ్బరును ఒరుసుకుని తిప్పుతుంది. కరెంటు పోతే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. పైనా కిందా రెండూ నెమ్మదిగా తిరగకపోతే స్విచ్చినీ రిలేనీ అనుమానించాలి. ఒక్కటే తిరగకపోతే దాని మోటారే. నెమ్మది మోటారు తిరుగుతున్నా కొమ్ము కదలకపోతే రబ్బరు గట్టిపడి జారుతోంది. మోటారు మూలిగి ఊరుకుంటే పాత నూనె గడ్డకట్టి షాఫ్టు ముందుకు రావడం లేదు.

మాకు ఈ రెండూ ఉన్నాయి. వైర్లకు గుర్తులు కట్టి, మోటార్లు దింపి విప్పాం. బుష్‌లనూ షాఫ్టునూ స్పిరిటుతో తుడిచాం. బేరింగు చుట్టూ ఉన్న ఫెల్టు రింగులు పళ్లపొడి అంటినట్టు ఎర్రగా గట్టిపడి ఉన్నాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, పలచని టర్బైన్ ఆయిల్‌లో నానబెట్టి తిరిగి కూర్చాం. రబ్బరు రింగుకు ఆయిల్ సీళ్లమ్మే కొట్లో అదే మందం, అదే లోపలి వ్యాసం ఉన్న ఓ-రింగు దొరికింది. కొలతకు పాతదాన్ని చేతిలో పట్టుకెళ్లాలి, సాగిపోయి ఉంటే చక్రాన్నే తీసుకెళ్లాలి. బిగించేటప్పుడు కరెంటు లేనప్పుడు రబ్బరుకూ షాఫ్టుకూ మధ్య సన్నటి ఎడం కనిపించాలి. తగులుతూ ఉంటే వేగంలో రబ్బరు అరిగిపోతుంది.

60 సైకిళ్ల మీద కొమ్ము వేగం నిమిషానికి సుమారు 400 చుట్లు, మన 50 మీద 330 దగ్గర ఆగుతుంది. వినడానికి ఇబ్బంది లేదు, నాకైతే కీర్తనలకు ఆ వేగమే నచ్చింది. అసలు వేగం కావాలంటే లెస్లీని కూడా కన్వర్టరు మీదికి మార్చుకోవాలి.

పై సగం మూగబోతే డ్రైవరు (కొమ్ములోకి శబ్దం పంపే స్పీకరు) వైర్లు విప్పి ఓమ్‌లు కొలవండి. 16 ఓమ్‌ల డ్రైవరు అంతకంటే కొంచెం తక్కువ చూపాలి. అసలేమీ చూపకపోతే లోపలి కాయిల్ తెగింది. మంచి కొలతే వస్తే 800 సైకిళ్ల దగ్గర స్వరాన్ని విడదీసే క్రాసోవరు వైపు చూడాలి. కొమ్ములు రెండున్నా శబ్దం ఒకదాని నుంచే వస్తుంది, రెండోది తూకం కోసం. దాన్ని మూసుకుపోయిందనుకుని పొడవకండి. చివరగా బెల్టులు: వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోవాలి. బిగువెక్కువైతే బేరింగు అరుస్తుంది. వదులైతే స్విచ్చి వేసినప్పుడు కొమ్ము ఎత్తుకోదు. ఒక మెట్టు నొక్కి ఉంచి, వేగానికీ నెమ్మదికీ మారుస్తూ, కొమ్ము ముందు ఎత్తుకుని డ్రమ్ము దాని వెనక నెమ్మదిగా అందుకునేదాకా మోటారు పలకను కొంచెం కొంచెం జరుపుతూ బిగించాలి.