హస్కీ విమానం పుట్టే ఊళ్లో

జాక్సన్ నుంచి స్నేక్ నది వెంబడే ఆల్పైన్ దాకా వచ్చి, అక్కడ దక్షిణానికి తిరిగి స్టార్ వ్యాలీలోకి వెళ్తే ఆఫ్టన్ వస్తుంది. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో చాలా చిన్న ఊరు. మెయిన్ రోడ్డు మీద ఎల్క్ అనే పెద్ద జింకల కొమ్ములతో కట్టిన పెద్ద తోరణం ఉంది, చాలామంది దాని కోసమే ఆగుతారు. నేను వెళ్లింది మాత్రం ఏవియాట్ విమానాల ఫ్యాక్టరీ చూడ్డానికి. గడ్డిలోనూ గులకరాళ్ల మీదా దిగే హస్కీ తయారయ్యేది అక్కడే.

ఊరు సముద్రమట్టానికి 6,200 అడుగుల పైన ఉంది. ఆ ఎత్తులో గాలి పలచబడి, టర్బో (గాలిని ఒత్తి లోపలికి పంపే పరికరం) లేని ఇంజిన్ శక్తిలో దాదాపు ఐదో వంతు పోతుంది, రెక్కలకూ పట్టు తగ్గుతుంది. అంటే ఇక్కడ బాగా లేచే విమానం పల్లపు ప్రాంతాల్లో ఇంకెంత సులువుగా లేస్తుందో చూడండి!

లోపల నేను ఎక్కువసేపు నిలబడిపోయింది గుడ్డ తొడిగే చోట. వెల్డింగ్ చేసిన ఉక్కు గొట్టాల చట్రం మీద పాలియెస్టర్ గుడ్డ అంటించి ఇస్త్రీపెట్టెతో రుద్దుతారు. ముందు తక్కువ వేడి, తర్వాత కొంచెం కొంచెంగా పెంచుతూ. ముడతలన్నీ కళ్లముందే మాయమై గుడ్డ బిగుసుకుంటుంది, వేలితో కొడితే డోలులా మోగుతుంది. వేడి మరీ ఎక్కువైతే మళ్లీ వదులైపోతుంది కాబట్టి తొందరపడితే కుదరదు.

పిట్స్ విన్యాస విమానాల కంపెనీని అప్పటికే కొన్న ఫ్రాంక్ క్రిస్టెన్సెన్ 1980లలో హస్కీని మొదలుపెట్టాడు, 1987లో సర్టిఫికెట్ వచ్చింది. మొదటి రకం ఏ-1, దాని తర్వాత ఏ-1ఏ, ఏ-1బి, ఏ-1సి వచ్చాయి. ఒకదాని వెనక ఒకటిగా రెండే సీట్లు, తోకచక్రం, రెండు ముక్కలుగా తెరుచుకునే కుడి తలుపు, ఇవేవీ మారలేదు. పెరిగింది ముఖ్యంగా మోయగల బరువు. మొదటి ఏ-1 మొత్తం బరువు 816 కిలోలు దాటకూడదు, ఏ-1సికి అది దాదాపు 1,000 కిలోలు. ఇద్దరు మనుషులు, నిండా పెట్రోలు, పైగా టెంటూ సామానూ అన్నప్పుడు ఆ తేడా ఎంతో అక్కరకొస్తుంది.

ఏ-1సిలో 200 హార్స్‌పవర్ రకం కూడా ఉంది గానీ ఆ ఇంజిన్ బరువెక్కువ, ముక్కు మీద భారం పడుతుంది. నన్నడిగితే 180 హార్స్‌పవర్‌దే తీసుకుంటాను, మిగిలిన డబ్బుతో పెద్ద టైర్లు వేయించుకుంటాను.