బెంగకు సూది

"ఐస్ వేసుకుని కాఫీ తాగుతుంటే నీకు నిద్రెక్కడ పడుతుంది? ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"

ఆఫీసు ప్యాంట్రీలో నన్ను ఇలా కసిరింది మా ఫ్లోర్ తుడిచే చైనీస్ ఆంటీ. డెబ్బై దాటి ఉంటాయి. సింగపూర్‌లో పెద్దవాళ్ళందరినీ ఆంటీ, అంకుల్ అనేయడమే కాబట్టి ఆవిడ పేరు నాకు ఇప్పటికీ తెలీదు. ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళయింది. తప్పు చేస్తే మర్యాదగా ఈమెయిల్ వస్తుంది తప్ప ఎదురుగా నిలబడి కసిరినవాళ్ళు లేరు. ముందు ఒళ్ళు మండింది. సీటు దగ్గరకొచ్చి కూర్చున్నాక మాత్రం ఎందుకో కళ్ళు చెమర్చాయి. నా కళ్ళ కింద నలుపు చూసి నిద్ర గురించి అడిగింది ఆవిడ ఒక్కతే మరి.

ఆవిడ వాడిన మాట 'హీటీ'. ఒంట్లో వేడి చేసిందని. ఇక్కడి చైనీస్ వాళ్ళకి దూరియన్ వేడి, మంగుస్తీన్ చలువ, చామంతి టీ చలువ. మామిడిపండు వేడి చేస్తుందంటే మా టీమ్‌లో ఆస్ట్రేలియా ఆయన ఫ్రిజ్‌లో పెట్టుకుని తినమన్నాడు. ఆంటీకి అలా వివరించాల్సిన పనే లేదు. అయితే వేడి చేసినవాళ్ళు చల్లటిది తాగితే తప్పేమిటని నేను వాదించాను. "వేడి నీ తలలో ఉంది, కడుపులో కాదు. ఐస్ వెళ్ళేది కడుపులోకి," అంది చీపురు పట్టుకుని. దానికి నా దగ్గర జవాబు లేదు.

నేను చేసేది ప్రొడక్షన్ సపోర్ట్, అంటే నడుస్తున్న కంప్యూటర్ సిస్టమ్స్‌కి కాపలా. రాత్రి నడిచే ప్రోగ్రామ్ ఏదైనా ఫెయిలైతే ఫోన్ మోగుతుంది. పడుకోగానే నిద్ర పడుతుంది, పట్టిన నిద్ర నిలవదు. రెండున్నరకల్లా ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చేస్తుంది. గుండె దడ. అరికాళ్ళు మంచుగడ్డలు, మొహం సెగ. కంపెనీ పంపిన క్లినిక్‌లో డాక్టరు మంచివాడే. ఏడు ప్రశ్నల కాగితం ఇచ్చి, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకోమన్నాడు. నాకు 12 వచ్చాయి. యాంగ్జయిటీ అన్నాడు, మాత్రలిచ్చాడు. అయిదు నిమిషాల్లో బయటికొచ్చేశాను. పరీక్ష రాసి వచ్చినట్టుంది కానీ, నా గోడు ఎవరితోనో చెప్పుకున్నట్టు లేదు.

ఆంటీ వాళ్ళమ్మ ఒకప్పుడు థాంగ్ చాయ్‌కి వెళ్ళేదట. 1867లో మొదలైన ధర్మాసుపత్రి అది, ఏ జాతి పేదవాళ్ళయినా ఉచితంగా చూస్తారని పేరు. "నీకు జీతం వస్తోందిగా, డబ్బిచ్చి చూపించుకో" అని తనకి తెలిసిన ఒక చైనీస్ వైద్యం క్లినిక్ చెప్పింది. నాటువైద్యం అనుకుంటూనే వెళ్ళాను. తీరా చూస్తే మా పేట మార్కెట్ పక్కన, అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద, ఏసీ గది. గోడకి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. ఇక్కడ ఈ వైద్యానికి 2000 నుంచి చట్టం ఉంది, పేరు నమోదు చేసుకోకుండా ఎవరూ సూది పట్టకూడదు. వైద్యురాలికి నా వయసే ఉంటుంది.

ఆవిడ అడిగిన ప్రశ్నలు నన్ను మా అమ్మమ్మ కూడా అడగలేదు. రాత్రి చెమట పడుతుందా? నోరు చేదా? దాహమేస్తే వేడినీళ్ళు తాగాలనిపిస్తుందా, చల్లవా? కలల్లో పరిగెత్తుతావా? తింటూ స్క్రీన్ చూస్తావా? ఏ మాత్రలు వాడుతున్నావ్? నాలుక చాపమంది. అంచుల్లో పళ్ళ గుర్తులు పడ్డాయని, కొస ఎర్రగా ఉందని రాసుకుంది. రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్ళు ఆనించి, కళ్ళు దించుకుని చాలాసేపు మాట్లాడలేదు. నాడి వీణ తీగలా బిగుసుకుని ఉందంది (వీణ నా అనువాదం, ఆవిడ ఏదో తంత్రీవాద్యం అంది).

తర్వాత అడిగింది: "ఎవరి మీద కోపం నీకు?"

ఎవరి మీదా లేదన్నాను. నిద్ర గురించి వస్తే కోపం సంగతెందుకని చిరాకేసింది. బస్సులో ఇంటికొచ్చేదాకా, ఆ తర్వాత వారం దాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆవిడ చెప్పిన లెక్క ఇదీ. షెన్ అని ఒకటుంటుంది. మనసూ తెలివీ స్పృహా అన్నీ కలిపి అనుకోండి. పగలంతా కళ్ళలోంచి లోకాన్ని చూస్తుంది, రాత్రి గుండెలోకెళ్ళి పడుకుంటుంది. నెత్తుటి బలం చాలకపోతే దానికి పక్క సరిగ్గా అమరదు. అతిగా ఆలోచిస్తే ప్లీహం దెబ్బతిని, తిన్నది నెత్తురుగా మారదు. కోపం మింగితే కాలేయం బిగుసుకుంటుంది, ఆ బిగువు సెగై పైకెక్కి గుండెని కుదురుగా ఉండనివ్వదు. రాత్రి ఒంటిగంట నుంచి మూడు దాకా కాలేయం వేళట. నా మెలకువ రెండున్నరకి. వాళ్ళ ప్లీహం, కాలేయం మన సైన్సు పుస్తకంలో బొమ్మలు కావని, ఒక్కోటీ ఒక వ్యవహారమని తర్వాత అర్థమైంది. గుండెలో నిప్పు కిందికి దిగి మూత్రపిండాల్లోని నీటిని వెచ్చబెట్టాలట, ఆ నీరు పైకొచ్చి నిప్పుని చల్లార్చాలట. రెండూ కలవకపోతే పైన సెగ, కింద చలి. మా అమ్మమ్మ ఈ సిద్ధాంతమేదీ చెప్పకుండానే అరికాళ్ళకి ఆముదం పట్టించి కంచుగిన్నెతో రుద్దేది. ఆవిడకి సర్టిఫికెట్టూ లేదు, డెబ్బై డాలర్ల ఫీజూ లేదు.

చూశారా, పోలిక ఎటు వాలిపోతోందో.

కోపం సంగతికొస్తాను. కిందటేడు నాన్నకి స్టెంట్లు వేశారు. నాకు తెలిసింది పది రోజుల తర్వాత. "నువ్వు కంగారుపడతావని చెప్పలేదమ్మా" అంది అమ్మ. ఆ పది రోజులూ రోజూ ఫోన్లో మాట్లాడింది, ఏం కూరో కూడా చెప్పింది. దానికి అమ్మ మీద కోపం తెచ్చుకుంటే మనిషినేనా? అందుకని తెచ్చుకోలేదు. కాకపోతే అప్పట్నించీ రెండున్నరకి లేచి ఫోన్ చూస్తున్నాను. ఆఫీసు అలర్ట్ కోసమని నాకు నేనే చెప్పుకుంటాను. చూసేది అమ్మ లాస్ట్ సీన్. అక్కడ అప్పుడు పన్నెండు. పదింటికే పడుకునే మనిషి పదకొండున్నరకి వాట్సాప్‌లో ఉందంటే, ఎందుకుంది?

యాంగ్జయిటీ అన్న మాట నాకు ఎక్కడా తగల్లేదు. ఆందోళన అంటే ధర్నా గుర్తొస్తుంది. నాది బెంగ. బెంగ పెట్టుకుంటే పిల్లలకి జ్వరమొస్తుందని మన ఇళ్ళలో ఎవరికి తెలీదు? మనకి దుఃఖమొస్తే కడుపు తరుక్కుపోతుంది, కోపమొస్తే కడుపు మండుతుంది, పరాయివాడి తప్పయినా కడుపులో పెట్టుకుంటాం. తలలో ఉంటుందని చెబితేనే మనకి కొత్త. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ వైద్యురాలికి ఇదంతా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "మీ వాళ్ళు ప్లీహం, కాలేయం, పేగులు కలిపి కడుపు అంటున్నారన్నమాట" అని రాసుకుంది. మా తెలుగు మీద వచ్చిన మంచి వ్యాఖ్యానాల్లో ఇదొకటని నా అభిప్రాయం.

సూదులు చీమ కుట్టినంతే, తర్వాత ఒక బరువులాంటిది. మణికట్టు మీద చిటికెనవేలి వైపు ముడత దగ్గర ఒకటి, షెన్‌మెన్ అంటే షెన్ వాకిలి. చీలమండ పైన నాలుగు వేళ్ళెత్తున ఒకటి. మాడు మీద ఒకటి, అమ్మ చమురు అద్దే చోటే. చివరిది కనుబొమల మధ్య. "ఈ స్టిక్కర్ తీస్తావా?" అంది. బొట్టుబిళ్ళ తీసి ఎక్కడ పెట్టాలో తెలీక ఫోన్ వెనక అంటించాను. ఇరవై నిమిషాల తర్వాత ఆవిడ వచ్చి లేపింది. గురక పెట్టానేమో అడగలేదు.

పొడి పొట్లాల్లో ఇచ్చారు, తిన్నాక గోరువెచ్చటి నీళ్ళలో. చేదు, పులుపు, మధ్యలో అతిమధురం. అసలు మందు సువాన్ జావో రెన్, పుల్ల రేగు గింజలోని పప్పు. సుమారు 1800 ఏళ్ళ కిందట జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు నిద్రపట్టక కొట్టుకునేవాళ్ళకి రాసిన కషాయంలో ముఖ్యమైనది ఇదే. సీసాలో చూపించింది, ఎర్రగా, నున్నగా, నలగ్గొట్టకముందు. మన రేగుకి దగ్గరి చుట్టమే. మా పెరటి గట్టు మీద రాయితో గింజ పగలగొట్టి పప్పు తిన్నవాళ్ళం, భోగికి నెత్తిన పోయించుకున్నవాళ్ళం, మళ్ళీ దాన్ని డాలర్లు పోసి కొనుక్కుంటున్నాను.

మా తమ్ముడు హైదరాబాద్‌లో మందుల కంపెనీలో చేస్తాడు, ఊరుకుంటాడా? నిద్రకి సూదుల వైద్యం మీద 2012 నాటి కాక్రేన్ సమీక్ష పంపాడు, వైద్య ప్రయోగాలన్నీ కలిపి తూచి చెప్పేవాళ్ళది. 33 ప్రయోగాలు చూసి, వాటి నాణ్యత చాలక ఏమీ తేల్చలేమన్నారు. చైనా వైద్యుల పాత మాత్రల్లో మనసు కుదుటపడడానికి ఇంగిలీకం కలిపేవారక్కా, అంటే పాదరసం ఉన్న ఖనిజమే, పొట్లం మీద పేర్లు చదువుకో అన్నాడు. చదివాను, లేదు. మన ఆయుర్వేదంలో పాదరసం కలిపే రసౌషధాల మాటేమిటిరా అని అడిగితే మాట మార్చాడు. డాక్టరిచ్చిన మాత్రలు నా అంతట నేను మానలేదు, ఆయనకి చెప్పే తగ్గించాను.

ఆరుసార్లు వెళ్ళాను. ఇప్పటికీ మెలకువ వస్తుంది, కానీ చాలా రోజులు మళ్ళీ పడుతోంది. సూదులదో, రేగుదో, రాత్రి వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకోవడానిదో, ఆవిడ చెప్పిందని ఫోన్ హాల్లో పెట్టడానిదో తెలీదు. ఆన్‌కాల్ లేని రాత్రులే అనుకోండి. ఆంటీకి ఐస్ లేని కాఫీ చూపిస్తే పాలు కూడా మానమంది.

మొన్న ఆదివారం అమ్మకి చెప్పాను. ఇన్నాళ్ళూ నిద్ర లేదన్న సంగతి, కంగారుపడుతుందని చెప్పలేదు మరి. మాడు మీద సూది, మణికట్టు మీద సూది, ఇదిగో ఇక్కడ బొట్టు పెట్టుకునే చోట కూడా సూది అని వీడియోలో వేలు పెట్టి చూపించాను. అమ్మ కళ్ళజోడు సర్దుకుని తెర దగ్గరికి వచ్చింది.

"బొట్టుబిళ్ళ మళ్ళీ పెట్టుకున్నావా, అక్కడే మర్చిపోయి వచ్చావా?"