చెట్టు కూడా చూస్తుంది

కీటాః పతంగా మశకాశ్చ వృక్షాః
జలే స్థలే యే నివసంతి జీవాః
దృష్ట్వా ప్రదీపం...

కార్తీక పౌర్ణమి నాడు వత్తులు వెలిగించి మనమందరం చదువుకునే శ్లోకమే. పురుగులు, దోమలు, చెట్లు, నీళ్లలో నేల మీద ఉండే జీవులన్నీ ఈ దీపాన్ని చూస్తే చాలు, మళ్లీ పుట్టుక ఉండదని దాని భావం. ముప్పై ఏళ్లుగా నేనూ చదువుతున్నాను. చదివి, 365 వత్తులు కాలేదాకా నిలబడి, దణ్ణం పెట్టుకుని ఇంటికి వచ్చేసేదాన్ని. ఈ ఏడు మాత్రం ‘వృక్షాః’, చెట్లు, అన్న మాట నన్ను ముందుకు కదలనివ్వలేదు.

ఆషాఢంలో నాకు గుండె ఆపరేషన్ అయింది, బైపాస్. శ్రావణమంతా మంచం మీదే గడిచింది. వరలక్ష్మీ వ్రతం కోడలు చేసుకుంటుంటే చారుమతి కథ పక్క గదిలోంచి విన్నాను. దసరా తొమ్మిది రోజులూ ఎలా వెళ్లాయో సరిగ్గా గుర్తు లేదు. దీపావళికి కాస్త నడక వచ్చింది. కార్తీకం మొదలయ్యేసరికి ఇక ప్రాణం ఆగలేదు. మాది రాజమండ్రి. నాలుగింటికే వీధిలో గోదారికి వెళ్లేవాళ్ల మాటలు వినిపిస్తుంటే పడుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. చన్నీళ్లు వద్దన్నారు డాక్టరుగారు. షుగర్ ఉంది కాబట్టి ఉపవాసం మాట ఎత్తవద్దన్నారు.

అయినా మొదటి సోమవారం నేను ఎవరికీ చెప్పకుండా ఉపవాసం ఉన్నాను. మాత్ర వేసుకున్నాను, ఏమీ తినలేదు. పదకొండింటికి ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, పూజ గదిలోనే కూలబడ్డాను. కోడలు పరుగున వచ్చి పంచదార నీళ్లు తాగించింది. “ఎందుకత్తయ్యా ఇలా చేశారు? మాకు మీరు కావాలి కదా” అని ఏడ్చింది. ఆ పిల్ల కన్నీళ్లు చూశాక నేను చేసింది వ్రతం అనిపించలేదు. తప్పు చేశాను.

‘అష్టైతాన్యవ్రతఘ్నాని’ అని పెద్దలు ఎనిమిది చెప్పారు. నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, చివరగా ఔషధం. వీటివల్ల వ్రతం చెడదు. కార్తీక పురాణంలోనూ సోమవార వ్రతానికి ఉపవాసం, ఏకభుక్తం (ఒంటిపూట భోజనం), నక్తం (రాత్రి మాత్రమే తినడం), అయాచితం (అడగకుండా ఎవరైనా పెట్టింది తినడం), స్నానం, తిలదానం (నువ్వుల దానం) అని ఆరు మార్గాలు ఉన్నాయి, శక్తిని బట్టి ఎంచుకోవడానికి. ఇవన్నీ తెలిసినవాళ్లే నన్ను చూడటానికి వచ్చి “ఈసారి ఒక్క సోమవారమైనా ఉండలేదా?” అని అడుగుతుంటే బాధగా ఉంటుంది. ఒళ్లు బాగాలేని మనిషిని అలా అడగకండి. ఆ మాట రాత్రంతా నిద్ర పట్టనివ్వదు.

మళ్లీ శ్లోకానికి వస్తాను. దీపం ఎవరు వెలిగించారు, ఎన్ని వత్తులు వేశారు, ఏటిలో వదిలారా ఇంట్లో పెట్టారా అని అందులో ఎక్కడా లేదు. ఆ జీవాలు చేయాల్సింది ఒక్కటే, ‘దృష్ట్వా’. చూడటం. పురుగు ఎగిరి వస్తుంది. చేప ఈదుకుంటూ వస్తుంది. చెట్టు రాలేదు. మొలిచిన చోటే నిలబడి ఉంటుంది, వెలుగే దాని దగ్గరికి వెళ్లాలి.

మరి చెట్టు చూస్తుందా? ఈ సందేహం భరద్వాజుడికి కూడా వచ్చింది. మహాభారతం శాంతిపర్వంలో భృగు మహర్షి ఆయనకు జవాబిస్తాడు. తీగ చెట్టును చుట్టుకుని అన్ని వైపులా పాకుతుంది, చూపు లేనిదానికి దారి తెలియదు కదా, ‘తస్మాత్పశ్యంతి పాదపాః’, అందుకే చెట్లు చూస్తాయి అంటాడు. అక్కడే ఇంకో మాట ఉంది. మంచి వాసనలకు, ధూపాలకు చెట్లు రోగం పోయి పూస్తాయట. ‘అరోగాః పుష్పితాః సంతి’. ఇది చదివినప్పుడు పుస్తకం గుండెలకు హత్తుకున్నాను. నాలుగు నెలలు కదలలేక పడి ఉన్న నన్ను కూడా ఆ మహర్షి లెక్కలోకి తీసుకున్నట్టే అనిపించింది.

ఇన్నేళ్లూ వెలిగించే చెయ్యి నాది. నా దీపం ఎవరి మీద పడుతోందో ఎన్నడూ ఆలోచించలేదు. ఈ పౌర్ణమికి మావారు తులసికోట దగ్గర వత్తులు వెలిగించారు. నన్ను అరుగు మీద కుర్చీలో, శాలువా కప్పి కూర్చోబెట్టారు. చూస్తూ ఉన్నానంతే. పక్కనే ఉసిరి చెట్టు. దాని ఆకుల మీద, నా చేతుల మీద ఒకే వెలుగు.

మీ ఇంట్లో జబ్బు చేసి లేచినవాళ్లుంటే దీపం వాళ్ల మంచం దగ్గర నుంచి కనిపించేచోట పెట్టండి. తలుపు తీసి ఉంచండి. ప్రసాదానికి ముందే వాళ్ల మాత్రలు, వాళ్ల తిండి చూడండి. రేవు దగ్గర తోపులాటలోకి లాక్కెళ్లకండి. పోలి స్వర్గం కథలో కోడలు పోలిని కూడా అత్తగారు ఏటికి తీసుకెళ్లలేదు, ఇంటి దగ్గరే వదిలేసింది. పెరట్లో పత్తితో వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్న రాసి వెలిగించుకుంది. స్వర్గానికి తీసుకెళ్లే విమానం ఆ పెరట్లోకే వచ్చింది.

కార్తీకం ముగిసిన మర్నాడు దీపాలు నీళ్లలో వదిలే పోలి పాడ్యమికి ఇంకా పదిహేను రోజులుంది. అరటి దొప్ప తెచ్చిపెట్టమని కోడలికి ఇప్పుడే చెప్పాను. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, ఉసిరి చెట్టు కిందే దీపం వదులుతాను.